తలాపు తూర్పుకి

నా కొడుకుని తప్పు దిక్కుకి తల పెట్టి పూడ్చారు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. తల్లిని కదా, ముందు ఏడుపు రావాలి. నాకు మాత్రం ముందు కోపమే వచ్చింది. ఏడుపు తర్వాతెప్పుడో తీరుబడిగా వచ్చింది.

మా సంఘంలో మనిషిని మట్టి చేసేటప్పుడు తల పడమరకి, కాళ్ళు తూర్పుకి పెడతారు. తాతల నాటి నుంచీ అంతే. ప్రభువు తూర్పు నుంచి వస్తాడు, బూర మోగుతుంది, పోయినవాళ్ళంతా లేచి కూర్చుంటారు. తల పడమరకి ఉంటే లేవగానే ముఖం ఆయన వైపే ఉంటుంది. ఈ మాట ఆదివార బడిలో నేనే పిల్లలకి ఏళ్ళ తరబడి చెప్పాను. మా యేసుదాసుకీ చెప్పాను. "అమ్మా, మరి బోర్లా పడుకునే అలవాటున్నోళ్ళు ఎట్టా లేస్తారే?" అని అడిగి నా చేత మొట్టికాయ తిన్నాడు వెధవ.

తొంభయ్యో సంవత్సరం మే నెలలో తుఫాను వచ్చినప్పుడు నేను బాపట్లలో ఉన్నాను. కూతురు ప్రేమకుమారికి రెండో కాన్పు. గాలి మొదలైన పూటే దానికి నొప్పులు వచ్చాయి. బయట కొబ్బరిచెట్లు విరిగిపడుతుంటే లోపల ఆడపిల్ల పుట్టింది. కరెంటు పోయింది, ఫోన్లు పోయాయి, బస్సులు లేవు. మా పేట రేపల్లె దాటి సముద్రం వైపు ఉంది. బాపట్లలోనే ఇలా ఉంటే అక్కడ ఎలా ఉందో అని నా ప్రాణం కొట్టుకుంది. ఇంట్లో మగవాళ్ళిద్దరున్నారు కదా అని నాకు నేనే ధైర్యం చెప్పుకున్నాను. మా ఆయన సామ్యేలు కాలవ లస్కరు. లాకుల దగ్గర తలుపులు ఎత్తడం, దించడం, నీటి మట్టం చూడడం ఆయన ఉద్యోగం. నీళ్ళ సంగతి సామ్యేలుకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని పేటంతా అనేది. నేనూ అనేదాన్ని, నా ఖర్మ.

రైళ్ళు కదలగానే తెనాలి దాకా వచ్చి పడ్డాను. అక్కడ రేపల్లె బండి లేదన్నారు. పట్టాల మీద చెట్లూ స్తంభాలూ పడి ఉన్నాయట. ప్లాట్‌ఫారం మీద నాలాంటివాళ్ళు గుంపులు గుంపులుగా కూర్చుని ఉన్నారు. ఏదో బియ్యం లారీ వెళుతుంటే డ్రైవర్ని బతిమాలి ఎక్కి భట్టిప్రోలులో దిగాను. అక్కడి నుంచి రేపల్లె దాకా నడక. ఎటు చూసినా నీళ్ళు, నీళ్ళలో చచ్చిన గొడ్లు, కంపు. దారి పొడుగునా ప్రార్థన చేస్తూనే నడిచాను. ప్రభువా, నా బిడ్డని చల్లగా చూడు, నా బిడ్డని నీ రెక్కల చాటున దాచు అని. అప్పటికే వాడు మట్టిలో ఉన్నాడు. పూడ్చేసినవాడి కోసం నా చేత దారంతా ప్రార్థన చేయించుకున్నాడు దేవుడు. వద్దు, ఇంక అడక్కు అని ఒక్క మాట అనలేకపోయాడా?

రేపల్లె బస్టాండు దగ్గర మా పేట యలమంద కనిపించాడు. వరసకి నాకు తమ్ముడవుతాడు. చేతిలో కిరసనాయిలు డబ్బా ఉంది. నన్ను చూసి పక్కకి తప్పుకోబోయాడు.

"ఏరా యలమందా, నాకు మనవరాలు పుట్టింది. మనోళ్ళు ఎట్టా ఉన్నార్రా?"

"బావ బాగానే ఉన్నాడక్కా."

"యేసుదాసు?"

వాడు డబ్బా కింద పెట్టాడు. ఇంక చెప్పనక్కర్లేకపోయింది. కాని వాడు చెప్పాడు, నేను విన్నాను.

ఊళ్ళో శివపార్వతిగారి కుటుంబం ఉంది, పాతకాలపు ఆసాములు. వాళ్ళ ట్రాక్టరు మావాడు తోలేవాడు. పొలంలో వాళ్ళ గొడ్ల చావిడి ఒకటి ఉంది. గాలి పెరిగి నీళ్ళు ఎక్కుతుంటే కట్టేసిన గేదెలు అరుస్తున్నాయట. ఆ అరుపులు పేటవాళ్ళంతా తలదాచుకున్న బడి దాకా వినిపించాయట. "కట్టుతాళ్ళు కోసేసి వస్తా, వాటి చావు అవి చస్తాయి" అని నవ్వుతూ వెళ్ళాడట యేసుదాసు. తాళ్ళు కోశాడు. గేదెలు బయటికి వచ్చాయి. చావిడి గోడ వాడి మీద పడింది.

"ఎవరు పొమ్మన్నార్రా వాణ్ణి?" అని అడిగాను.

"ఎవరూ పొమ్మన్లేదక్కా. వాడే పోయాడు."

ఎవరైనా పొమ్మని ఉంటే ఎంత బాగుండేది! తిట్టడానికి ఒక మనిషి దొరికేవాడు. గాలిని తిట్టలేను, గోడని తిట్టలేను. గేదెని తిడితే పిచ్చిదనుకుంటారు. మిగిలింది దేవుడొక్కడు. ఆ నిమిషం నుంచి ఆయన్నే పట్టుకున్నాను.

మా ఇంటి చోట ఇల్లు లేదు. పేటంతా బడిలో ఉంది. సామ్యేలు బడి అరుగు మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. నేను చేతిలో సంచి కూడా దించలేదు.

"నేనొచ్చేదాకా ఉంచలేకపోయావా?"

"ఎక్కడుంచనే? ఎటు చూసినా నడుంలోతు నీళ్ళు. వాన తెరిపియ్యలేదు. ఈ బల్లల మీద పిల్లలు ముడుక్కుని కూర్చున్నారు. ఎక్కడుంచమంటావు చెప్పు?"

న్యాయమైన మాటే. న్యాయమైన మాట వినేసరికి నాకు కోపం ఇంకా పెరిగింది. ఆడవాళ్ళు చుట్టూ మూగారు. ఒకావిడ నా వీపు నిమురుతూ, "మనవరాలు పుట్టిందంట కదా ధనమ్మా. దేవుడు ఒక చేత్తో తీసుకుని ఒక చేత్తో ఇచ్చాడు" అంది, ఓదార్పుగానే.

"దేవుడేమన్నా కిరాణా కొట్టు పెట్టుకున్నాడా, చిల్లర తిరిగిచ్చేదానికి?" అన్నాను.

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ రాత్రి ఎవరూ నా దగ్గరికి రాలేదు. ప్రార్థనకి పిలిచినా నేను వెళ్ళలేదు. మోకాళ్ళ మీద కూర్చునే ఓపిక లేదన్నాను. ఓపిక ఉంది, ఇష్టం లేదు.

పొద్దున్నే సామ్యేలు నన్ను సమాధి దగ్గరికి తీసుకువెళ్ళాడు. మా సమాధుల దొడ్డి అంతా మునిగిపోయింది. సిలువల కొసలు మాత్రం నీళ్ళలోంచి కనిపిస్తున్నాయి. అందుకని వాణ్ణి తాటిదోనెలో వేసుకుని లాకుల దగ్గరి మిట్టకి తీసుకెళ్ళారు. చుట్టుపక్కల మునగని నేల అదొక్కటే. పెట్టె లేదు. దుప్పటి చుట్టి, మా ఇంటి తలుపు రెక్కలు కొట్టుకొస్తే ఒకటి కింద వేసి, ఒకటి పైన కప్పారట. తలాపున ఒక సిలువ పాతారు. కిటికీ చెక్కలు రెండు కొబ్బరితాడుతో కట్టి చేసిన సిలువ.

నేను మిట్ట ఎక్కేసరికి పొద్దు పొడుస్తోంది. తుఫాను తర్వాత మొదటిసారి మబ్బు లేకుండా పొద్దు పొడిచింది. నేను సమాధి కాళ్ళ దగ్గర నిలబడి సిలువ వైపు చూశాను. సూర్యుడు సరిగ్గా సిలువ వెనక నుంచి లేచి నా కళ్ళలో పడ్డాడు.

కాసేపు నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక సామ్యేలు వైపు తిరిగాను.

"ఏమయ్యా, సిలువ ఎటు పెట్టావు?"

"తలాపునే."

"తలాపు ఎటుంది?"

సామ్యేలు సిలువని చూశాడు. సూర్యుణ్ణి చూశాడు. కింద మురుగు కాలవని చూశాడు. మెల్లగా చతికిలబడ్డాడు.

డెల్టాలో మేము దిక్కులు నీళ్ళని బట్టే చెప్పుకుంటాం. ఏ కాలవైనా, ఏ మురుగైనా చివరికి దక్షిణాన సముద్రంలోకే పోవాలి. పారే వైపుకి ముఖం పెట్టి నిలబడితే ఎడంచేయి తూర్పు. చంటిపిల్లవాడికి కూడా తెలుసు. ఆ రోజు సూర్యుడు లేడు, పట్టపగలే చీకటి. గుర్తు పట్టడానికి ఒక తాడిచెట్టు నిలబడి లేదు, ఒక కప్పు లేదు, లాకుల తలుపులూ నీళ్ళ కిందే ఉన్నాయి. నీళ్ళ మధ్యలో దోనె ఎటు తిరిగి మిట్టకి తగిలిందో కూడా వాళ్ళకి తెలియలేదు. సామ్యేలు మాత్రం మురుగు కాలవ పారే వైపు చూసి, ఇటు తూర్పు, ఇటు పడమర అని చేత్తో చూపించాడట. లస్కరు చెప్పిన మాట కదా, ఎవరూ ఎదురు చెప్పలేదు.

కాని ఆ రోజు నీళ్ళు సముద్రంలోకి పోవడం లేదు. సముద్రమే లోపలికి వస్తోంది. పోటు నీళ్ళు మురుగు కాలవని వెనక్కి తన్నుకుంటూ పైకి పారుతున్నాయి.

"మన లాకులు దాటి పోటు ఎన్నడూ రాలేదే," అన్నాడు సామ్యేలు. "కింది లాకుల దగ్గరే ఆగేది. ఎన్నడూ రాలేదు."

"ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ నీళ్ళకి కాపలా కాశావు. నీ కొడుకు పోయిన రోజున అవి నిన్నే మోసం చేశాయి చూడు. నువ్వు నమ్మిన నీళ్ళూ అంతే, నేను నమ్మిన దేవుడూ అంతే."

తిడితే తిరిగి తిట్టే మొగుడు నాకు దొరకలేదు. అది కూడా నా కోపాల్లో ఒకటి.

బడికి వచ్చి నేను ఒకటే మాట చెప్పాను. వాణ్ణి తీసి, తిప్పి పెట్టాలి. పెద్దవాళ్ళంతా ఒక్కసారిగా వద్దన్నారు. పూడ్చినవాణ్ణి తవ్వితే సంఘానికి అరిష్టం అన్నాడు యలమంద. "అరిష్టం అనే మాట ఏ ప్రసంగంలో విన్నావురా? ఇల్లు పోయింది, పంట పోయింది, బిడ్డ పోయాడు. ఇంకా రావలసిన అరిష్టం ఏముందో అదీ రమ్మను" అన్నాను. గోరుచుట్టు మీద రోకటి పోటు అంటారు. నా వేలు ఎప్పుడో నలిగిపోయింది, ఇంక రోకలికి భయపడేదేముంది?

అయ్యగారు రానీ, ఆయన చెప్పినట్టు చేద్దాం అన్నారు. అయ్యగారు అంటే మా పాస్టరుగారు. కాపురం తెనాలిలో. ఆదివారం ఆయన వచ్చాడు. రేపల్లె నుంచి చెప్పులు చేత్తో పట్టుకుని మోకాటి లోతు బురదలో నడిచి వచ్చాడు. అలా వచ్చినవాణ్ణి పూర్తిగా తిట్టడానికి మనసు ఒప్పుకోదు. అందుకే ఆయన మీద కూడా కోపం వచ్చింది.

బడిలోనే ఆదరణ కూడిక పెట్టారు. చనిపోయినవాళ్ళ ఇంటివారిని ఓదార్చడానికి మా వాళ్ళు పెట్టుకునే కూడిక. నన్నూ సామ్యేలునీ ముందు కూర్చోబెట్టారు. అయ్యగారు చాలా మెత్తగా మాట్లాడాడు. దేవుడి చిత్తం అన్నాడు. మన తలపులు వేరు, ఆయన తలపులు వేరు అన్నాడు. చావు కబురు చల్లగా చెప్పినట్టు చెబుతూ పోయాడు. చివరికి నా సంగతికి వచ్చాడు.

"అమ్మా ధనమ్మా, దేవుడికి తూర్పూ పడమరా ఏంటమ్మా? ఆయనకి అన్నీ ఒకటే."

నేను లేచి నిలబడ్డాను. "మరి మన గుళ్ళో ప్రభువు బల్ల తూర్పు గోడకే ఉండాలని, కట్టిన గోడ పడగొట్టించి మళ్ళీ కట్టించారెందుకండి? ఆ ఇటుకలన్నీ మా యేసుదాసే మోశాడు కదండి."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అది క్రమం కోసమమ్మా."

"గోడకి క్రమం కావాలి గానీ నా కొడుక్కి అక్కర్లేదాండి?"

జనం తలలు దించుకున్నారు. సామ్యేలు నా కొంగు పట్టుకుని లాగాడు. నేను విదిలించుకున్నాను.

"దేవుణ్ణి అలా నిలదీయకూడదమ్మా," అన్నాడు అయ్యగారు.

"నిలదీయకపోతే ఆయనతో నాకు మాటలేం మిగిలాయండి? కృతజ్ఞతలు చెప్పమంటారా? చెప్పను. పాట ఎత్తుకోమంటారా? ఎత్తుకోను. ఆయనే నాకు జవాబు చెప్పాలి. అది వచ్చేదాకా నా కొడుకు పనేదో నేను చూసుకుంటాను."

నేను బయటికి వచ్చేశాను. వెనక ఎవరో సన్నగా పాట మొదలుపెట్టారు. ఆ పాట ఎప్పుడూ నేనే ఎత్తుకునేదాన్ని. నా గొంతు లేకపోయేసరికి చాలా హెచ్చు శ్రుతిలో మొదలుపెట్టి నానా అవస్థా పడ్డారు. పడనీ అనుకున్నాను.

మర్నాడు తెల్లారగానే పార భుజాన వేసుకుని బయల్దేరాను. నీళ్ళు చాలావరకు తీశాయి. దారంతా జిగురు బురద. మిట్ట ఎక్కి, చెంగు నడుముకి దోపి తవ్వడం మొదలుపెట్టాను. తడిసిన నల్లమట్టి పారకి అంటుకుని ఊడదు. ప్రతిసారీ చేత్తో గీకి పారేయాలి. కాసేపటికే రొప్పు వచ్చింది. అయినా ఆపలేదు.

వెనక అడుగుల చప్పుడైంది. సామ్యేలు వచ్చాడు.

"ఆపడానికొచ్చావా?"

"కాదు. ఇటియ్యి. పెట్టింది నేను, తీసేదీ నేనే."

పార అందుకుని తవ్వసాగాడు. నేను పక్కన కూర్చున్నాను. ఆయన తవ్వుతూనే మాట్లాడాడు, నా వైపు చూడకుండా.

"ఆ రోజు గుంటలో నీళ్ళు ఊరుతూనే ఉన్నయ్యే. నేనూ యలమందా చట్టితో తోడి పోస్తూనే ఉన్నాం. తోడేకొద్దీ ఊరేయి. తలకాయ తడవకూడదని నా ఖాకీ చొక్కా మడిచి తల కింద పెట్టా. దాని మీద పెట్టి, మొహం తుడిచి, తలుపు కప్పా. అంతే, అంతకంటే నాకేం చేతగాలేదు."

ఆ సంగతులు ఆయన అంతవరకు ఎవరికీ చెప్పలేదు. నేను అడగలేదు కూడా.

మిట్ట కింద ఎవరో వస్తున్నారు. శివపార్వతిగారు. చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని, చేతిలో పాల క్యానుతో బురదలో జారుతూ వస్తోంది. ఆ ఇంటి కోడలు పొలం గట్టు మీద ఒంటరిగా నడవడం నేనెన్నడూ చూడలేదు. ఆమె పైకి వచ్చి క్యాను కింద పెట్టింది.

"బడికెళితే ఇక్కడున్నారన్నారు. పిల్లలకి పాలు తెచ్చా ధనమ్మా."

"ఆ గేదెల పాలేనాండి?" అన్నాను.

ఆమె తల దించుకుంది. "అవును. మేమెవరం పొమ్మన్లేదు ధనమ్మా, నా పిల్లల మీద ఒట్టు."

"తెలుసండి. బాగానే ఇస్తున్నాయా?"

నేను అడిగిన తీరుకి ఇంకెవరైనా అయితే వెనక్కి తిరిగి వెళ్ళిపోయేవారు. ఆమె కదల్లేదు. సామ్యేలు తవ్వుతున్న గుంట వైపు చూసింది.

"ఏంటి సామ్యేలూ ఇది? ఎందుకు తవ్వుతున్నావు?"

సామ్యేలు పార ఆపి చెప్పాడు. తల ఎటు ఉండాలో, ఎటు ఉందో, నీళ్ళు ఎలా మోసం చేశాయో అన్నీ చెప్పాడు. ఆమె శ్రద్ధగా విన్నది.

"అయితే ఇప్పుడు తిప్పి పెడితే ఏమవుద్ది?"

"లేచేటప్పుడు మొహం తూర్పుకుంటదండి."

"లేచేటప్పుడా?" ఆమె నా వైపు తిరిగింది. "లేస్తాడా ధనమ్మా మీవాడు? ఎగతాళిగా అనటంలేదు. నాకు తెలియక అడుగుతున్నా. మేమైతే కాల్చి కృష్ణలో కలుపుతాం. మీవాడు నిజంగా లేస్తాడా?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "లేవకపోతే ఈ బురదలో నాకు పనేంటండి? లేవనోడికి తల ఎటుంటే ఏంటి, కాళ్ళు ఎటుంటే ఏంటి? లేస్తాడు కాబట్టే కదా ఈ గొడవంతా! లేస్తాడు. ఖచ్చితంగా లేస్తాడు!"

మిట్ట మీద నా గొంతు ఖంగుమంది. అరిచేశాక నా మాట నాకే వినిపించింది.

రేపల్లె బస్టాండు నుంచి ఆ క్షణం దాకా నేను ఒక్క ప్రార్థన చేయలేదు. దేవుణ్ణి అనరాని మాటలన్నీ అన్నాను. ప్రార్థనకి పిలిస్తే ఆయన మొహాన తలుపు వేసినంత పని చేశాను. కాని వాడు లేవడు అని మాత్రం ఒక్కసారి కూడా అనుకోలేదు. అన్నీ కొట్టుకుపోయాయి, అది పోలేదు. నేను పట్టుకుని కూర్చున్నదేమీ కాదు. నేను వదిలేసినా అది నన్ను వదల్లేదు.

శివపార్వతిగారు చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "గేదె అరిచినప్పుడల్లా నాకు మీవాడే గుర్తొస్తున్నాడు ధనమ్మా. పాలు పిండటానికి కూర్చోలేకపోతున్నా. లేస్తాడని నువ్వట్టా గట్టిగా అంటే నాకు కొంచెం ఊపిరాడింది," అంది. అని అక్కడే బురదలో కూర్చుని ఏడ్చింది. నేను ఏడవలేదు గానీ, జరిగి ఆమె పక్కన కూర్చున్నాను.

"ధనం, ఇటు చూడు," అన్నాడు సామ్యేలు.

గుంట అంచుల నుంచి నీళ్ళు ఊరుతున్నాయి. ఆయన మడమలు మునిగాయి.

"ఇంకో జానెడు తవ్వితే తలుపు తగులుద్ది. తలుపు ఎత్తానంటే ఈ నీళ్ళన్నీ వాడి మొహం మీదికే పోతాయి. నువ్వు తియ్యమంటే తీస్తా. నేను నీ మాట కాదనను."

నేను లేచి గుంట దగ్గరికి వెళ్ళాను. ఆ మొహం తడవకూడదని ఒక తండ్రి చట్టితో సముద్రాన్ని తోడాడు. ఇప్పుడు దిక్కు సరిచేయడానికి అదే మొహాన్ని నేను నీళ్ళలో ముంచాలా?

"కప్పెయ్యి," అన్నాను.

"మరి..."

"కప్పెయ్యమన్నానా!"

సమాధి కాళ్ళ వైపుకి, అంటే పడమరకి నడిచాను. ఒక మనిషి పట్టేంత చోటు వదిలి, మడమతో నేల మీద గీత గీశాను.

"నేను పోయినప్పుడు నన్ను ఇక్కడ పెట్టండి. తల పడమరకే, పద్ధతి ప్రకారమే. వాడు ఇటు తిరిగి లేస్తాడు, నేను అటు తిరిగి లేస్తాను. కళ్ళు తెరిచేసరికి వాడికి ఎదురుగా నేనుండాలి. నన్ను చూడనియ్యకుండా పూడ్చారు కదా, అప్పుడు తనివితీరా చూస్తాను. శివపార్వతమ్మగారూ, మీరు సాక్షి."

ఆమె కళ్ళు తుడుచుకుని తల ఊపింది.

సామ్యేలు మట్టి కప్పడం మొదలుపెట్టి సగంలో ఆగిపోయాడు. పార మీద రెండు చేతులూ ఆనించి, వాటి మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చాడు. కొడుకు పోయాక ఆయన ఏడవడం అదే మొదటిసారి.

"ఎంత పని చేశానే! ప్రభువొచ్చే రోజున నా బిడ్డ ఆయనకి వీపు పెట్టి లేస్తాడే. నా చేత్తో నేనే వాణ్ణి అటు తిప్పేశా."

నేను ఆయన చేతిలో పార లాక్కుని మట్టి తోశాను.

"పెట్టనీ వీపు. నీ బిడ్డ ఎందుకు తిరగాలి? ఆయన్నే తిరగమను. తూర్పు నుంచి వచ్చి, ఈ మిట్ట ఎక్కి, చుట్టూ తిరిగి వాడి ముందుకొచ్చి నిలబడమను. నాకు చెప్పకుండా నా బిడ్డని తీసుకెళ్ళినాయన, వాడి మొహం చూడటానికి ఆ నాలుగడుగులు నడవలేడా?"

సామ్యేలు తల ఎత్తి నా వైపు చూశాడు. మోచేత్తో ముక్కు తుడుచుకున్నాడు.

"నడుస్తాడే," అన్నాడు.

"నడవాలి," అన్నాను.